కీచు బండి

చిట్టియ్యకి ఆ పొద్దున కాలు ఒకచోట నిలవడం లేదు. తెల్లారీ తెల్లారకముందే తలస్నానం చేశాడు, ఉతికిన పంచె కట్టాడు, పెళ్లిళ్లకి మాత్రమే పెట్టెలోంచి తీసే జరీ కండువా భుజాన వేశాడు, వాకిట్లో ఉన్న ట్రక్కు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒకచోట వంగి చక్రం తడతాడు, ఇంకోచోట అరచేత్తో లైటు తుడుస్తాడు, మళ్లీ తిరుగుతాడు.

"గుడి చుట్టూ కూడా ఇన్ని ప్రదక్షిణాలు చేసినట్టు లేరు మావయ్యగారూ," అంది కోడలు రత్నమాణిక్యం, కళ్లాపి చల్లుతూ. "కాస్త పక్కకి జరగండి, పంచె మీద పడుతుంది."

"నీకేం తెలుసమ్మా! ఇవాళ మన బండి గోదారి దాటుతోంది!"

ఆ మాట వీధి చివరిదాకా వినపడింది. వినపడాలనే అన్నాడు.

నిజానికి ఇంకా దాటలేదు. దాటాలంటే ముందు మొగలితిప్ప రేవులో కొబ్బరికాయ పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష సంగతి ఆ ఊళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్లకి చెప్పాలి. కోనసీమ ఒడ్డున ఏటిగట్టు మీంచి నీళ్లలోకి సిమెంటు ర్యాంపు ఒకటి దిగుతుంది. దాని చివర పంటు ఆగుతుంది. మనుషుల్నీ, సైకిళ్లనీ, చిన్న బండ్లనీ బల్లల మీద ఎక్కించుకుని నరసాపురం ఒడ్డుకి దాటించేది ఆ పంటే. మిగతా సీమంతా అరచెయ్యిలా చదును. బ్రేకులు సగం చచ్చినా అక్కడ బండి నడిచిపోతుంది, నడిపేవాడికి తెలియను కూడా తెలియదు. ఆ చుట్టుపక్కల పల్లం అంటూ ఉన్నది ఈ ర్యాంపు ఒక్కటే, ఆ పల్లం చివర ఉన్నది గోదావరి.

అందుకని పంటు మేస్త్రీ నాగేశ్వరప్రసాద్ ఒక పద్ధతి పెట్టాడు. కొత్తగా పంటు ఎక్కే బండి ఏదైనా సరే, సరుకుతో సహా గట్టు మీంచి దిగాలి. ర్యాంపు మధ్యలో, ముందు చక్రానికి ఎదురుగా, పీచు ఒలిచిన కొబ్బరికాయని దొర్లకుండా పిడికెడు ఇసుకలో నిలబెడతాడు. చక్రం దాని ముందుకొచ్చి ఆగి, ఆయన చాలనేదాకా కదలకుండా నిలవాలి. ఆ కాయ మేస్త్రీ చేతిలో పగిలితే గోదారమ్మకి మొక్కూ తీరుతుంది, బండికి దారీ దొరుకుతుంది. చక్రం కింద పగిలిందా, బండి వెనక్కి. మళ్లీ ఏడాదిదాకా ఆ రేవులో మొహం చూపించక్కర్లేదు. బతిమాలినా వినడు, మామయ్య కొడుకైనా వినడు.

చిట్టియ్య కొడుకు బుల్లిరాజు బతుకు ఇప్పుడు ఆ కాయ మీద ఉంది. నరసాపురంలో లేసు వ్యాపారం చేసే నాగరత్నంగారు ఈ ఒడ్డున ఊరూరా ఆడవాళ్ల చేత లేసు అల్లిస్తారు. ఆ మూటలు వారం వారం పంటు మీద తన ఇంటికి చేర్చే బండి ఆవిడకి కావాలి. "పంటు ఎక్కగలిగితే పని మీదేనండి. ఎక్కలేకపోతే చుట్టూ తిరిగొచ్చే బండ్లు నాకు చాలానే ఉన్నాయి," అని మొహమాటం లేకుండా చెప్పేశారు.

చిట్టియ్య పుట్టి పెరిగిందంతా ఎడ్లబండి మీదే. ధాన్యం తోలాడు, కొబ్బరికాయలు తోలాడు, పెళ్లివారిని తోలాడు. తొంభయ్యారు తుఫాను రాత్రి కొట్టం కూలి ఎడ్లు రెండూ పోయాయి. ఆ తర్వాత మళ్లీ ఎడ్లని కొనడానికి మనసొప్పలేదు. వాకిట్లో బండి లేక ఆయన అరుగు మీద కూర్చుని నీరుగారిపోతుంటే, రామచంద్రపురంలో మోటారు పని నేర్చిన బుల్లిరాజు ఎక్కడో మూలపడ్డ పాత ట్రక్కుని తెచ్చి, దాని ఒళ్లంతా విప్పి మళ్లీ బిగించాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక సరుకు వేసే చిన్న తొట్టి. ఆ రోజునుంచి చిట్టియ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తన పాత బండికి వేలాడిన కందెన గొట్టాన్ని అటక మీంచి దించి, ట్రక్కు వెనక కట్టేశాడు. కందెన అంటే ఇరుసుకి పూసే ఆముదం. ఆ వెదురు గొట్టం లేని బండిని ఆయన బండి అనడు. బుల్లిరాజు నవ్వి ఊరుకున్నాడు.

ఆ వారమంతా తండ్రీకొడుకులు బ్రేకుల పని మీదే ఉన్నారు. బుల్లిరాజు చక్రాలు ఊడదీశాడు, డ్రమ్ములు విప్పాడు, డ్రమ్ముని లోపల్నుంచి ఒరుసుకుని ఆపే లైనింగులు అరిగిపోతే తీసి కొత్తవి వేశాడు, రబ్బరు కప్పులు మార్చాడు, పైనున్న డబ్బాలో బ్రేకు ఆయిలు పోశాడు. ఆ తర్వాత గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలి. దానికి ఇద్దరు కావాలి, పైన ఒకడు పెడలు తొక్కాలి, కింద ఒకడు నట్టు విప్పాలి. చిట్టియ్య డ్రైవరు సీట్లో రాజాలా కూర్చున్నాడు.

"తొక్కు నాన్నా!" అని కిందనుంచి కొడుకు.

"తొక్కాను!"

"పట్టుకో, వదలకు!"

"పట్టానురా! చచ్చినా వదలను!"

"ఇప్పుడు వదులు!"

మొదట్లో పెడలు బురదలో కాలేసినట్టు దిగిపోయేది. తొక్కగా తొక్కగా గట్టిపడుతూ వచ్చి, చివరికి పాదం కింద రాయిలా నిలబడింది. "ఒరే బుల్లీ! ఆగింది! కాలికి ఎదురు తిరుగుతోందిరా!" అని చిట్టియ్య కేకలు పెడితే పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. పగ్గాలు పట్టిన చేతులకి కరువైపోయిన ఆనందం ఆయనకి ఆ వేళ పాదంలో దొరికింది.

ఇంత సంతోషంలోనూ ఒక్కటే ముల్లు. కొత్త లైనింగులు వేసినప్పటినుంచీ బ్రేకు తొక్కితే చాలు, ముందు చక్రాలు కీచుమని అరుస్తున్నాయి. "కొత్తవి కదా నాన్నా, నాలుగు రోజులు అరుస్తాయి. అవే సర్దుకుంటాయి," అన్నాడు బుల్లిరాజు. చిట్టియ్య తలూపాడే గానీ నమ్మలేదు. చక్రం అరిచిందంటే బండివాడి ఇంట్లో ఆముదం లేదని అర్థం, లేదా వాడికి ఒళ్లు వంగదని అర్థం. తన జన్మలో తన ఇరుసు ఏనాడూ అరవలేదు. "చిట్టియ్య బండి పక్కనుంచి వెళ్లినా తెలియదు" అని ఊరంతా అనేవాళ్లు.

ఆ పొద్దున లేసు మూటలన్నీ తొట్టిలో వేసుకుని రేవుకి బయల్దేరారు. దారిలో గేదె అడ్డం వచ్చిన చోటల్లా, సైకిలు అడ్డం వచ్చిన చోటల్లా కీచు, కీచు. ఆ కూత చిట్టియ్యకి పళ్లు జివ్వుమనిపించింది. ఏటిగట్టు మీద ట్రక్కు ఆగేటప్పుడు మరీ పెద్దగా అరిచింది. టీ కొట్టు దగ్గర జనం చెవులు మూసుకుని నవ్వారు.

"ఎవరిదండీ బాబూ ఆ కీచు బండి?" అన్నాడొకడు, సరిగ్గా చిట్టియ్య మొహంలోకే చూస్తూ.

చిట్టియ్య వినపడనట్టు గోదావరి వైపు తిరిగి నిలబడ్డాడు. మొహం మాత్రం ఎర్రబడిపోయింది.

పంటు ఇంకా అవతలి ఒడ్డున ఉంది. బుల్లిరాజు బండి గేర్లో పెట్టి, చక్రాలకి రాయి ఆనించి, మేస్త్రీని పిలుచుకు రావడానికి వెళ్లాడు. పరీక్ష చూద్దామని ముందు పంటులోనే ఈ ఒడ్డుకి వచ్చిన నాగరత్నంగారు గొడుగు వేసుకుని నీడకి నడిచారు. బండి దగ్గర చిట్టియ్య ఒక్కడే మిగిలాడు. అవమానంతో లోపల ఉడికిపోతున్నాడు. ఇంతమంది ముందు, మేస్త్రీ ముందు, ఈ దిక్కుమాలిన కూతతో ర్యాంపు దిగాలా? కొడుక్కి మోటారు తెలుసు సరే, చక్రం సంగతి తనకి తెలియదా?

వెనక కట్టిన కందెన గొట్టం విప్పాడు. ముందు చక్రం డ్రమ్ముకి రబ్బరు బిరడా ఉన్న చిన్న కన్నం ఉంటుంది, బ్రేకు బిగించడానికి బుల్లిరాజు స్క్రూడ్రైవరు దూర్చేది అందులోకే. అది ఆయన వారమంతా చూస్తూనే ఉన్నాడు. బిరడా లాగాడు, కొబ్బరీనెకి గుడ్డపీలిక చుట్టి ఆముదంలో ముంచాడు, కన్నంలోంచి దూర్చి లోపల అందినంత మేర పూసేశాడు. ఒక పక్క పూసి రెండో పక్క వదిలేస్తే బండి పక్కకి లాగుతుందని, రెండో చక్రానికి కూడా పూశాడు. బిరడాలు పెట్టేసి, గొట్టం కట్టేసి, చేతులు గడ్డికి తుడుచుకున్నాడు. ఇక రమ్మనండి మేస్త్రీని!

మేస్త్రీ వచ్చాడు. కొబ్బరికాయ చంకలో పెట్టుకుని వంగి వంగి చక్రాలు చూశాడు.

"నూనె చెమ్మ ఎక్కడా లేదు కదా బుల్లిరాజూ? లైనింగుకి నూనె తగిలిందంటే ఇక అంతే. నువ్వు తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే. చప్పుడు కూడా చెయ్యకుండా జారుకుంటూ పోతుంది."

"ఒక్క బొట్టు కూడా లేదండి. పెట్రోలుతో కడిగి, లైనింగు మీద వేలు పడకుండా బిగించానండి."

చిట్టియ్య చూపు వెనక వేలాడుతున్న కందెన గొట్టం మీదికి పోయింది.

"మరి నువ్వు పోశావు కదరా ఆయిలు?" అన్నాడు.

"అది గొట్టాల్లోనే ఉంటుంది నాన్నా, లైనింగుకి తగలదు. తగిలితే చచ్చామే. ఇప్పుడెందుకా గొడవ?" అంటూనే బుల్లిరాజు రాయి తీసేసి సీట్లోకి ఎక్కాడు. ఇంజను స్టార్టయింది. మేస్త్రీ ర్యాంపు సగంలో కాయ పెట్టి పక్కకి తప్పుకున్నాడు. పంటు ఒడ్డుకి వచ్చేసింది, జనం దిగకుండా తమాషా చూడ్డానికి అక్కడే నిలబడ్డారు.

చెబితే ఏమవుతుందో చిట్టియ్యకి తెలుసు. జిల్లాలోకెల్లా నికార్సయిన బండివాడినని చెప్పుకున్న మనిషి, కొడుకు పరీక్ష వేళ వాడి బ్రేకుల్లో ఆముదం పోశాడని రేవురేవంతా చెప్పుకుంటారు. చెప్పకపోతే? బహుశా ఏం కాదేమో, పూసింది కొంచెమే కదా! ఇలా అనుకుంటుండగానే ముందు చక్రాలు ర్యాంపు అంచు మీదికి వచ్చాయి. వాటికి దిగువన కాయ, కాయకి దిగువన నీళ్లు, పైన సీట్లో తన కొడుకు.

అంతే, చిట్టియ్య పరుగెత్తాడు. బెదిరిన ఎడ్లకి అడ్డం పడ్డట్టు రెండు చేతులూ చాపి ట్రక్కు ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"ఆపరా! ఓహో! ఆపు! ఆముదం పోశానురా బ్రేకుల్లో!"

బుల్లిరాజు బిత్తరపోయి బ్రేకు తొక్కాడు. ఈసారి కూత రాలేదు. ట్రక్కు చప్పుడు లేకుండా, వెన్న మీద కత్తిలా, కొద్దిగా ముందుకే జారింది. బుల్లిరాజు గబుక్కున హ్యాండ్ బ్రేకు లాగాడు. వెనక చక్రాలు పట్టుకున్నాయి. బంపరు చిట్టియ్య పంచెని తాకుతూ ఆగింది.

టీ కొట్టు దగ్గర మొదలైన నవ్వు పంటు దాకా పాకింది. "ఆముదమటండీ! బండికి విరేచనం అవడం లేదనుకున్నాడేమో!" అని ఎవడో అరిచాడు. బుల్లిరాజు దిగి వచ్చాడు. వాడి మొహం చూసి చిట్టియ్య, వాడు కొట్టినా బాగుండు అనుకున్నాడు.

"కూత పోతుందని... పదిమందిలో తలవంపులుగా ఉందని..." అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముందు పక్కకి రా నాన్నా," అన్నాడు బుల్లిరాజు. "కదులుతున్న బండికి ఎవరైనా అడ్డం వస్తారా?"

మేస్త్రీ కాయ తీసి మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. "కాయ పగల్లేదు కాబట్టి పరీక్ష ఇంకా అవలేదు. ఈ పంటు అవతలికెళ్లి తిరిగి వచ్చేదాకా టైము. ఆ తర్వాత పాటు తీస్తుంది, నీళ్లు దిగిపోతే పంటు ర్యాంపుకి ఆనదు. అప్పుడు నన్నేమీ అనకండి."

అందరూ నాగరత్నంగారి వైపు చూశారు. ఆవిడ గొడుగు ముడిచారు. "పెద్దాయన నోరు విప్పబట్టే నా మూటలు ఇంకా పొడిగా ఉన్నాయి. పోటు ఉన్నంతసేపూ నేనూ ఉంటానండి. ఊఁ, చూస్తారేం, కానివ్వండి!"

ఇక చూడాలి ఆ సందడి! ట్రక్కుని వెనక్కి గట్టు మీదకి నెట్టారు. జాకీ ఎక్కించారు, చక్రాలు ఊడదీశారు, డ్రమ్ములు లాగారు. లోపల ఆముదం నిగనిగలాడుతోంది. ఇందాక నవ్వినవాడే తన స్కూటర్లోంచి సీసాడు పెట్రోలు తీసిచ్చాడు. గుడ్డ కావాలన్నాడు బుల్లిరాజు. ఎవరూ వెతికేలోపే పర్రుమని చప్పుడైంది. చిట్టియ్య జరీ కండువాని నిలువునా చింపేశాడు.

"అయ్యో నాన్నా, అది..."

"మాట్లాడకు, తుడు!"

చిట్టియ్య మోకాళ్ల మీద కూర్చుని పెట్రోలుతో డ్రమ్ము కడిగాడు, తుడిచాడు, మళ్లీ కడిగాడు. లైనింగుల్ని ఉప్పుకాగితంతో రుద్దాడు, పైపొర పోయి లోపలి పొడి రంగు తేలేదాకా రుద్దాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు, చెమట చెయ్యి లైనింగుకి తగలకూడదని. "చాలు నాన్నా, ఇంకా రుద్దితే లైనింగే మిగలదు," అన్నాడు బుల్లిరాజు. ఆ గొంతులో కోపం లేదు. అది విని చిట్టియ్య తల ఎత్తకుండానే ముక్కు ఎగబీల్చాడు.

చక్రాలు బిగించి బుల్లిరాజు ఒక్కడే ట్రక్కుని ఏటిగట్టు మీద దూరంగా తీసుకెళ్లాడు. వేగంగా వెళ్లడం, తొక్కి ఆపడం, మళ్లీ వెళ్లడం, మళ్లీ ఆపడం. ఎక్కడైనా చెమ్మ మిగిలితే ఆ వేడికే ఆరాలి. గట్టు మీద దుమ్ము లేస్తోంది. చిట్టియ్య చెవి అటే పెట్టాడు. అంత దూరంనుంచి ఏమీ వినపడలేదు. అవతల పంటు ఒడ్డు వదిలేసింది.

బుల్లిరాజు తిరిగొచ్చాడు. డ్రమ్ములు వేడి వాసన కొడుతున్నాయి.

"పట్టిందిరా?"

"పట్టింది. సమంగా, గట్టిగా పట్టింది."

"అరిచిందా?"

"ఇంజను మోతలో నేను వినలేదు నాన్నా. పడుతోంది, అది చాలు."

చిట్టియ్యకి చాలలేదు. తలుపు తీసుకుని పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. "దిగు నాన్నా," అన్నాడు బుల్లిరాజు. "దిగను. పడితే ఇద్దరం పడదాం, ఆగితే ఇద్దరం ఆగుదాం. పోనీ!" మేస్త్రీ వద్దనబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాడు. కాయ తీసుకెళ్లి మళ్లీ అదే చోట పెట్టాడు.

ట్రక్కు ర్యాంపు అంచు దాటింది. ముందు భాగం ఒక్కసారిగా కిందికి వాలింది. అద్దం నిండా ఆకాశం పోయి గోదావరి వచ్చింది. వెనక మూటలు ముందుకి ఒరిగాయి. చిట్టియ్య పాదం లేని పెడల్ని తొక్కేస్తోంది. కొడుకు కాలు బ్రేకు మీదికి పోవడం ఆయన చూశాడు. చప్పుడు లేదు. కాయ దగ్గరకొస్తోంది. చప్పుడు లేదు. 'అరవవే తల్లీ, అరవవే! నీ కాళ్లు మొక్కుతాను, ఒక్కసారి అరవవే!'

కీఁ...చ్!

చెవులు చిల్లులు పడేలా, సిగ్గూ ఎగ్గూ లేకుండా, రెండు ఒడ్లకీ వినపడేలా అరిచింది. ముందు చక్రాలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగాయి. కాయ బానెట్టు చాటున పడి చిట్టియ్యకి కనపడలేదు. మేస్త్రీ వంగి, చక్రానికీ కాయకీ మధ్య వేళ్లు దూర్చి చూశాడు. హ్యాండ్ బ్రేకు వేసి కాలు తీసెయ్యమన్నాడు. బుల్లిరాజు తీసేశాడు. తొట్టిని భుజంతో నెట్టి చూశాడు మేస్త్రీ. ట్రక్కు కదలలేదు. అప్పుడు కాయ అందుకుని, ర్యాంపు అంచున ఒక్క దెబ్బ కొట్టాడు. కొబ్బరినీళ్లు గోదావరిలోకి చిమ్మాయి.

"పోనివ్వండి పంటు మీదకి!"

గట్టు మీద ఈలలు, చప్పట్లు. బుల్లిరాజు నవ్వుతూ, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ట్రక్కు నెమ్మదిగా పంటు బల్లల మీదకి ఎక్కి, ఆగేటప్పుడు ఇంకోసారి గట్టిగా కీచుమంది. పంటులో కూర్చున్న ఒకాయన ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాడు.

"అబ్బబ్బా! ఎవరిదండీ బాబూ ఈ కీచు బండి?"

చిట్టియ్య కిటికీలోంచి నడుం దాకా బయటికి వచ్చాడు.

"మాదేనండి!" అన్నాడు, ఆ ఒడ్డుకి కూడా వినపడేలా. "ఆయ్! మా బండేనండి!"